కత్తంటే భయం, సూదంటే లోకువ: అందం ట్రీట్‌మెంట్ల మీద అపోహలు - వాస్తవాలు

నేను ఒడిశా బరంపురంలో చర్మం డాక్టర్ని. ఊళ్ళో వాళ్ళతో పాటు ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి, గుణుపూర్ నుంచి కూడా తెలుగువాళ్ళు బాగానే వస్తారు. ఇదివరకు తామర, మొటిమలు, జుట్టు రాలడం అని వచ్చేవాళ్ళు, ఇప్పుడు కుర్చీలో కూర్చుంటూనే ఫోన్‌లో రీల్ పెట్టి "మేడమ్, ఇది చేస్తారా?" అని చూపిస్తున్నారు. అడగడంలో తప్పేం లేదు, బాగా కనబడాలని ఎవరికుండదు! నాకొచ్చిన చిక్కల్లా వేరే. భయపడాల్సిన చోట మనవాళ్ళు భయపడరు, అక్కర్లేని చోట వణికిపోతారు. థియేటర్లో మత్తిచ్చి చేసే సర్జరీ అంటే పదిమందిని అడుగుతారు, మంచిరోజు చూసుకుంటారు, విశాఖ వెళ్ళి ఇంకో డాక్టర్ని కూడా కలుస్తారు. అదే సూది అయితే పార్లర్లో పడుకుని పొడిపించుకుంటారు. ఇక ట్యూబులో క్రీమైతే అది మందన్న ఆలోచనే రాదు.

"క్రీమే కదా మేడమ్, పైకి రాసుకునేదే"

అందం పేరుతో జరిగే నష్టాల్లో నేను ఎక్కువగా చూసేది ఈ ట్యూబుల వల్లే, అందుకే ముందు దీని సంగతి. వరస దాదాపు ఒకేలా ఉంటుంది. పక్కింటావిడ చెప్పిందనో, మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చాడనో మొదలుపెడతారు. వారం తిరిగేసరికి ముఖం నిగనిగలాడుతుంది, మచ్చ పలచబడుతుంది, "ఏం రాస్తున్నావే?" అని అందరూ అడుగుతారు, ఆవిడ ఇంకో నలుగురికి చెబుతుంది. కొన్ని నెలలయ్యాక మానేద్దామని చూస్తే ముఖం కందిపోయి మంట, దురద, చీము పొక్కులు. మళ్ళీ రాస్తే తగ్గిపోతుంది. దాంతో "మందు మంచిదే, మానితేనే తేడా చేస్తోంది" అని ఖాయం చేసుకుంటారు. నా దగ్గరకి వచ్చేసరికి బుగ్గల మీద సన్నటి ఎర్రటి రక్తనాళాలు తేలి ఉంటాయి, దవడల పక్కన నూగు వచ్చేసి ఉంటుంది, పొయ్యి ముందు నిలబడితే ముఖం భగ్గుమంటుంది, చర్మం ఉల్లిపొరలా తయారై ఉంటుంది.

ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. చాలా వాటిలో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్, మూడూ కలిపి ఉంటాయి. మంగు మచ్చలకి నేనూ ఆ మందు రాస్తాను, కానీ కొన్ని వారాలే, రాత్రిపూటే, మచ్చ ఉన్నంత మేరే. అది ఏళ్ళ తరబడి పౌడరు కింద రాసుకునే సరుకు కాదు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటర్ మీద ఎలా అమ్ముతున్నారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇప్పటికే వాడుతున్నవాళ్ళు ఇది చదివి సొంతంగా టక్కున ఆపేయకండి, ముఖం తిరగబడి తట్టుకోలేక మళ్ళీ అదే ట్యూబు కొంటారు. దాన్ని మాన్పించడానికి ఒక పద్ధతి ఉంది, నెలలు పడుతుంది, మధ్యలో ముఖం ఇంకా అధ్వాన్నంగా కనబడే రోజులూ ఉంటాయి. డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు ఖాళీదైనా సరే ట్యూబు పట్టుకురండి. "తెల్ల ట్యూబు మేడమ్, గులాబీ మూత" అంటే నేనేం చెప్పగలను?

పేరూ ఊరూ లేని డబ్బా క్రీములది ఇంకో గొడవ. వాటిలో పాదరసం ఉండొచ్చు. మన దేశంలో సౌందర్య సాధనాల్లో పాదరసం కలపడం నిషేధం, అయినా లేబుల్ సరిగా లేని క్రీముల్లో దొరుకుతూనే ఉంది. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో ఒంట్లో వాపులతో, మూత్రంలో ప్రొటీన్ పోతూ వచ్చిన పేషెంట్లని కిడ్నీ డాక్టర్లు ఆరా తీస్తే వాళ్ళలో చాలామంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడుతున్నట్టు తేలింది. పాదరసం చర్మంలోంచి రక్తంలోకి ఇంకుతుంది, అక్కణ్ణుంచి కిడ్నీకి చేరుతుంది.

"గ్లూటాథయోన్ సెలైన్ ఎక్కిస్తే పెళ్ళినాటికి తెల్లబడుతుంది"

మాఘమాసం దగ్గర పడుతోందంటే ఈ ఫోన్లు మొదలవుతాయి, చాలావరకు పెళ్ళికూతురి తల్లులే. గ్లూటాథయోన్ మన లివరు రోజూ సొంతంగా తయారుచేసుకునే పదార్థమే. నరంలోకి ఎక్కిస్తే ఒంటి రంగు నిలకడగా మారుతుందనడానికి గట్టి ఆధారం లేదు, చర్మం తెల్లబడటం కోసమని ఈ ఇంజెక్షన్‌కి మన దేశంలో అనుమతీ లేదు. ఫిలిప్పీన్స్‌లో ఈ పిచ్చి బాగా ముదిరితే అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2019లో హెచ్చరిక ఇచ్చింది: కిడ్నీలకి, లివరుకి ముప్పు, ఒంటి మీద చర్మం ఊడివచ్చేంత తీవ్రమైన రియాక్షన్లు రావచ్చని.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం ప్రకారం కాస్మెటిక్ అంటే రుద్దుకునేది, పోసుకునేది, చల్లుకునేది, స్ప్రే చేసుకునేది, ఇలాంటివే. సూదితో ఒంట్లోకి ఎక్కించేది అందులోకి రాదు. కాబట్టి సీసా మీద కాస్మెటిక్ లైసెన్సు ఉంటే దాన్ని ఇంజెక్షన్‌గా ఇవ్వడానికి వీల్లేదు, అంతే. ఇప్పుడు జోరుగా నడుస్తున్న సాల్మన్ చేప డీఎన్ఏ, కణాల నుంచి తీసే ఎక్సోజోములు, "గ్లో" కాక్‌టెయిళ్ళు, ఏదైనా సరే, పొడవక ముందు సీసా చేతికిమ్మని లేబుల్ ఫోటో తీసుకోండి. ఇవ్వడానికి నసిగారంటే చెప్పులు వేసుకుని వచ్చేయండి.

అసలు చామనఛాయకి ట్రీట్‌మెంట్ ఏమిటి? అది రోగం కాదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ కళ్ళకి ఎక్కించే డ్రిప్ ఏదైనా ఉంటే తెచ్చిపెడుదును.

"ఫిల్లర్ అంటే అరగంట పని, కోతా కుట్టూ లేదు"

అరగంట పనే, కాదనను. హైలురానిక్ యాసిడ్ జెల్‌ని పెదవుల్లోనో, కంటి కింద గుంటలోనో, చెంపల్లోనో నింపుతాం, సరిగా చేస్తే చక్కగా ఉంటుంది, కొన్ని నెలల నుంచి ఏడాది పైన నిలుస్తుంది, నచ్చకపోతే హైలురానిడేజ్ అనే మందుతో కరిగించేయొచ్చు. మరి భయం ఎందుకంటే, ముఖంలో అడుగడుగునా రక్తనాళాలు, వాటిలో కొన్ని కంటికి వెళ్ళే నాళాలతో కలిసి ఉంటాయి. ముక్కు దూలం, కనుబొమల మధ్య భాగం మరీ ప్రమాదం. జెల్ పొరపాటున నాళంలోకి పోయి అడ్డుపడితే ఆ మేర చర్మానికి రక్తం ఆగిపోతుంది. ముందు ఆ చోటు పాలిపోతుంది, తర్వాత ఊదారంగు చారలు చారలుగా మారుతుంది. నొప్పి ఉంటుందా అంటే, జెల్‌లోనే మొద్దుబార్చే మందు కలిపి ఉంటుంది కాబట్టి తెలియకపోవచ్చు కూడా. అందుకే మేం పొడిచిన ప్రతిచోటా వేలితో నొక్కి వదిలి, రంగు ఎంతసేపట్లో తిరిగొస్తోందో చూస్తాం. రెండు సెకన్లలో రావాలి. రాలేదంటే వెంటనే, ఆ గదిలోనే, హైలురానిడేజ్ ఎక్కించాలి, గంటలు గడిచేకొద్దీ చర్మం చచ్చిపోతుంది. అడ్డు కంటి నాళంలో పడిందంటే గంటన్నర దాటాక చూపు తిరిగి రావడం చాలా కష్టం. ఇది అరుదే. కానీ జరిగినప్పుడు మీ పక్కన ఎవరున్నారన్నదే లెక్క.

మన సరిహద్దు ఊళ్ళలో నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. పెద్ద ఊరినుంచి "స్పెషలిస్టు" ఆదివారం వస్తాడు, లాడ్జిలోనో పార్లర్ వెనక గదిలోనో క్యాంపు పెడతాడు, వరసగా పెదవులు, బుగ్గలు నింపేసి రాత్రి రైలుకి వెళ్ళిపోతాడు. తెల్లారి పెదవి పైన నల్లబడితే ఫోన్ ఎత్తడు, ఎత్తినా "వాపు సహజం, ఐసు పెట్టండి" అంటాడు. పర్లాకిమిడి నుంచి ఆ అమ్మాయి నా దాకా వచ్చేసరికి పొద్దెక్కిపోతుంది. చేయించుకోబోయే ముందు రెండే రెండు ప్రశ్నలు అడగండి: హైలురానిడేజ్ ఇక్కడ ఉందా, చూపించండి, రాత్రి పదకొండింటికి ఏమైనా అయితే ఎవరొస్తారు?

"బొటాక్స్ పాము విషం, ఒకసారి మొదలెడితే మానలేం"

పాము విషం కాదు, ఒక బ్యాక్టీరియా తయారుచేసే ప్రొటీన్, ముడతలు తగ్గించడానికి దాన్ని అతి తక్కువ మోతాదులో వాడతాం. అందం కోసం అమెరికాలో 2002లోనే అనుమతి వచ్చింది, మెల్లకన్నుకి అంతకు ముందే 1989 నుంచి వాడుతున్నారు. రెండు వారాల్లో పూర్తిగా పనిచేస్తుంది, మూడు నాలుగు నెలల్లో దిగిపోతుంది. మానేస్తే ముడతలు మునుపటిలా వస్తాయి, అంతకంటే ఎక్కువ రావు. ముఖం బిగుసుకుపోయిందంటే అది మోతాదు తప్పు. గర్భిణులకి, కొన్ని నరాలు-కండరాల జబ్బులున్నవాళ్ళకి వద్దు. అన్నట్టు, దీన్ని చెమటకి కూడా వాడతాం. పట్టు నేసే ఇళ్ళ నుంచి అరచేతుల చెమటతో దారం పాడవుతోందని వచ్చేవాళ్ళకి ముందు మామూలు నీళ్ళలో చేతులు ముంచి తక్కువ కరెంటు పంపే పద్ధతి చెబుతాను, అది చవక, దాంతో లొంగకపోతేనే ఇంజెక్షన్.

"లేజర్‌తో క్యాన్సర్ వస్తుంది" అనేవాళ్ళు ఒకవైపు, "ఒక్కసారికే వెంట్రుకలు శాశ్వతంగా పోతాయి" అనేవాళ్ళు ఇంకోవైపు

రెండూ తప్పే. లేజర్ అంటే వెలుతురు, ఎక్స్‌రే లాంటి రేడియేషన్ కాదు. అది వెంట్రుకలోని నలుపుని పట్టుకుని వేడెక్కిస్తుంది. చిక్కేమిటంటే మన చర్మంలోనూ ఆ నలుపే ఉంది, దాన్ని కూడా పట్టుకుంటే కాలుతుంది. అందుకే మన ఛాయకి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లాంటి, పైపొరని అంతగా పట్టించుకోకుండా లోతుకి వెళ్ళే మెషీన్లు మేలు. తెల్లతోలు వాళ్ళకి పెట్టే సెట్టింగ్‌తో మనకి కొడితే దవడ మీద చుక్కల్లా మరకలు పడతాయి, అవి పోవడానికి మళ్ళీ నెలలు. గోపాల్‌పూర్ బీచ్‌లో ఎండలో తిరిగొచ్చి మర్నాడే లేజర్ కొట్టమనకండి, నేను వెనక్కి పంపేస్తాను.

సిట్టింగులు ఆరో ఎనిమిదో పడతాయి, ఎందుకంటే వెంట్రుకలన్నీ ఒకేసారి పెరిగే దశలో ఉండవు. తర్వాత కూడా బాగా తగ్గుతాయే తప్ప సున్నా అవ్వవు. గడ్డం కింద బిరుసు వెంట్రుకలు వచ్చి, నెలసరి కూడా తప్పుతున్న అమ్మాయిలు ముందు పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్లు గతి తప్పే సమస్య) సంగతి చూపించుకోండి, హార్మోన్లు అలాగే ఉండగా లేజర్ మీద పెట్టే డబ్బు ఏట్లో పోసినట్టే.

"లైపోసక్షన్ చేయిస్తే బరువు తగ్గుతాం"

కాదు. కూర్చుని పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకోండి. చేతికి వచ్చే మడత చర్మం కింద కొవ్వు, లైపోసక్షన్‌లో గొట్టం పెట్టి పీల్చి తీసేది దాన్నే. మడత తక్కువగా వచ్చి పొట్ట గట్టిగా ముందుకి ఉంటే కొవ్వు లోపల పేగుల చుట్టూ ఉన్నట్టు, గొట్టం అక్కడికి వెళ్ళదు. ఇది సర్జరీ, ప్లాస్టిక్ సర్జన్ పని, నా పని కాదు. 2025 మార్చిలో బరువు తగ్గించే మౌంజారో మన దేశానికి వచ్చాక ఆ ఇంజెక్షన్లతో బరువు తగ్గి, ముఖం పీక్కుపోయిందని నా దగ్గరకి వస్తున్నారు. వాళ్ళకి నేను చెప్పేది, బరువు ఒకచోట నిలబడేదాకా ఆగమనే. తగ్గుతుండగానే ఫిల్లర్ నింపితే లెక్క కుదరదు.

జుట్టు నాట్లు గురించి ఒక్క ముక్క. నాటిన జుట్టు మొదటి నెలా నెలన్నరలో రాలిపోతుంది, అది సహజం, మూడు నాలుగు నెలలకి మళ్ళీ మొలుస్తుంది, పూర్తి ఫలితానికి ఏడాది. చేసేది ఎవరన్నది మాత్రం చూసుకోండి. యూట్యూబ్ చూసి నేర్చుకుంటే శిక్షణ అయిపోదని జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. డాక్టర్లకి అలా చెప్పాల్సి రావడమే సిగ్గుచేటు.

పార్లర్లో డెర్మారోలర్ (సన్నటి సూదులున్న రోలర్‌ని ముఖం మీద దొర్లించడం) చేయించుకునేవాళ్ళు సూది ప్యాకెట్ మీ కళ్ళముందు విప్పితేనే ఒప్పుకోండి. మీ రక్తమే తీసి ముఖంలోకి ఎక్కించే "వాంపైర్ ఫేషియల్" అమెరికాలోని న్యూ మెక్సికోలో ఒక స్పాలో చేయించుకున్నవాళ్ళకి హెచ్ఐవీ సోకింది. 2024లో ఆ వివరాలు బయటపెట్టింది అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థే.

"పెళ్ళికి వారం ముందు అన్నీ ఒకేసారి చేయించేద్దాం"

వద్దు. పీల్ (మందు పూసి చర్మం పైపొరని ఒలిపించడం) లాంటివి మూడు నాలుగు నెలల ముందు మొదలుపెట్టి, ఆఖరిది పెళ్ళికి కనీసం మూడు వారాల ముందే ముగించాలి. బొటాక్స్ అయితే నెల ముందు. కొత్త క్రీము ఏదైనా ఆ చివరి వారాల్లో మొదలుపెట్టొద్దు. ఆలస్యంగా వచ్చి, పట్టుబట్టి పీల్ చేయించుకున్నవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళకి ముందే చెప్పి పెట్టుకోండి: నలుగు పెట్టేటప్పుడు సున్నిపిండి చేతులకి, కాళ్ళకి ఎంతైనా రుద్దుకోవచ్చు, ముఖానికి మాత్రం పసుపు అలా తాకించి వదిలేయాలి. పీల్ చేసిన చర్మం మీద సున్నిపిండి పెట్టి రుద్దితే పొర లేచిపోయి పీటల మీద మచ్చలతో కూర్చోవాలి. నలుగు పెట్టే అత్తలకి ఈ మాట చెప్పలేక పెళ్ళికూతుళ్ళు నాకు ఫోన్ కలిపి ఇచ్చేస్తుంటారు, ఆ అత్తలతో ఒకసారి తెలుగులో, ఇంకోసారి ఒడియాలో నేనే చెబుతాను.