బెండకాయ నీళ్లు, షుగరు, ఒక క్యూ లైను

రాత్రి నాలుగు బెండకాయలు కోసి గ్లాసు నీళ్లలో నానేసి, పొద్దున్నే పరగడుపున ఆ నీళ్లు తాగితే షుగర్ దిగుతుందా అని ఒక పాఠకురాలు అడిగారు. మాత్రలు మానేయొచ్చా అన్నది ఆవిడ రెండో ప్రశ్న.

విటమిన్ల చిట్టా జోలికి పోను, అది ఏ కూరగాయకైనా రాయొచ్చు. బెండకాయలో అసలు సరుకు జిగురు. అది పెక్టిన్ అనే కరిగే పీచు జాతికి చెందిన పాలీశాకరైడు, అంటే చక్కెర అణువుల దండ: రామ్నోజ్ అనే చక్కెర, గెలాక్టురోనిక్ ఆమ్లం అనే పుల్లటి చక్కెర రూపం మార్చి మార్చి గుచ్చిన పొడవాటి గొలుసు. దాన్ని తెంచే ఎంజైమ్ మన ఒంట్లో లేదు. గెలాక్టురోనిక్ ఆమ్లం మీద రుణావేశం (నెగటివ్ చార్జి) ఉండటంతో గొలుసు భాగాలు ఒకదాన్నొకటి నెట్టుకుని బారుగా సాగుతాయి, నీళ్లను పట్టుకుంటాయి. చింతపండు పులుసు పడగానే ఆ ఆవేశం అణగి గొలుసు ముడుచుకుంటుంది, జిగురు విరుగుతుంది. వంటింట్లో రోజూ జరిగే ఈ కెమిస్ట్రీని బళ్లో ఎవరూ చెప్పరు గానీ, బెండకాయ తింటే లెక్కలొస్తాయని మాత్రం అందరూ చెబుతారు! (రావు.)

ఈ జిగురు అన్నంతో కలిస్తే ఏమవుతుంది? తిరుమలలో జనాన్ని కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి కొద్దికొద్దిగా వదులుతారే, అలా ముద్ద కడుపులోంచి చిన్నపేగులోకి ఆగి ఆగి దిగుతుంది. లోపలా నిదానమే. పిండిని తెంచే ఎంజైమ్ అమైలేజ్ పిండిపదార్థాన్ని చేరడం ఆలస్యం, తెగిన గ్లూకోజ్ పేగు గోడను చేరడం ఆలస్యం. అయితే చివరికి దర్శనం దాదాపు అందరికీ అవుతుంది! రక్తంలోకి వెళ్లే గ్లూకోజ్ మొత్తం పెద్దగా తగ్గదు, ఒక్కసారిగా ఎగబడటం తగ్గుతుంది.

ఇక పరగడుపున తాగే గ్లాసు సంగతి. ఆ వేళకు క్యూలో జనమే లేరు, ఖాళీ కంపార్ట్‌మెంటుకి తాళం వేసి ఏం లాభం? మధ్యాహ్నం అన్నం వచ్చేసరికి జిగురు ఎప్పుడో దిగిపోయి ఉంటుంది.

మోతాదు కూడా చూడండి. 100 గ్రాముల బెండకాయలో మొత్తం పీచు సుమారు 3 గ్రాములు. అందులో కరిగే జిగురు ఒక భాగం, నీళ్లలోకి ఊరేది అందులో మళ్లీ కొంత. పోలికకి, ఓట్స్‌లో ఉండే ఇలాంటి జిగురు పీచు బీటా గ్లూకాన్‌ను రోజూ 3 గ్రాములు తిన్నా చెడు కొలెస్ట్రాల్ తగ్గేది 5 శాతం అటూ ఇటూ. బెండకాయతో మనుషుల మీద చేసిన పరీక్షలు చిన్నవి, చాలావరకు ఎండబెట్టిన పొడితో చేసినవి. వాటిలో కనిపించిన మేలు కొద్దిపాటిదే, మందుకు బదులు కాగలిగినంత కాదు.

పైగా ఒక చిక్కుంది. బంగ్లాదేశ్ పరిశోధకులు 2011లో ప్రచురించిన ప్రయోగంలో ఎలుకలకు బెండకాయ జిగురు, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు కలిపి ఇస్తే మందు సరిగా ఒంటికి పట్టలేదు. క్యూ ఆపేవాడికి గ్లూకోజ్ ఎవరో, మాత్ర ఎవరో తేడా తెలియదు మరి. ఎలుకకు జరిగింది మనిషికీ జరిగి తీరుతుందని కాదు. అయినా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఆ గ్లాసునూ మాత్రనూ ఒకే వేళకు పెట్టుకోకపోవడం మంచిది, మాత్ర మానే ఆలోచన ఉంటే డాక్టరు గారినే అడగాలి. బెండకాయను అన్నంలోకే తినండి. పులుసైనా పర్లేదు, చిన్నపేగులోని బైకార్బనేట్ అనే క్షారం పులుపును విరిచాక ముడుచుకున్న గొలుసు చాలావరకు మళ్లీ సాగుతుంది.