ఇటలీలోని బొలోన్యాలో 1088 నాటి విశ్వవిద్యాలయ భవనం కోసం వెతక్కండి

అపోహ: విశ్వవిద్యాలయాన్ని 1088లో ఫలానావారు స్థాపించారు, ఆనాటి భవనం ఊళ్లో ఇంకా ఉంది.

వాస్తవం: స్థాపన పత్రమంటూ ఏదీ లేదు. 1888లో ఎనిమిది శతాబ్దాల ఉత్సవం జరపడానికి కవి జోసూఎ కర్దూచ్చి నాయకత్వంలోని సంఘం 1088ని ఖాయం చేసింది. అసలు మొదట్లో భవనమే లేదు. రోమన్ న్యాయశాస్త్రం చదవడానికి వచ్చిన పరదేశీ విద్యార్థులు ప్రాంతాలవారీగా జట్లు కట్టి, గురువులకు తామే డబ్బు చెల్లించేవారు. పాఠాలు గురువుగారి ఇంట్లోనో అద్దె గదిలోనో జరిగేవి. గురువు ఆలస్యంగా వస్తే జరిమానా! యూనివర్సిటీ అనే మాటకు మూలమైన లాటిన్ పదం 'ఉనివెర్సితాస్' అంటే ఆ విద్యార్థుల సంఘమే. మాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే.

అందరూ ఫొటోలు తీసుకునే పాత విశ్వవిద్యాలయ భవనం ఆర్కిజిన్నాజియో తెరిచింది 1563లో. 1803లో విశ్వవిద్యాలయం జంబోనీ వీధిలోని పోజ్జీ భవనానికి మారింది. ఆర్కిజిన్నాజియోలో ఇప్పుడు నగర గ్రంథాలయం ఉంది. గోడల నిండా కనిపించే వేలాది చిహ్నాలు మాత్రం ఆనాటి విద్యార్థులవే, తీరిగ్గా చూడండి.

అపోహ: విద్యార్థులకు శవాలను కోసి శరీర నిర్మాణం చూపిన అక్కడి మందిరంలో 1637 నాటి చెక్కపని చెక్కుచెదరకుండా నిలిచింది.

వాస్తవం: 1944 జనవరి 29న బాంబుదాడిలో కూలిపోయింది. శిథిలాల్లోంచి ఏరిన ముక్కలతో యుద్ధం తర్వాత మళ్లీ కట్టారు.

అపోహ: వీధుల వెంట ఉన్న వసారాలు వానకూ ఎండకూ కట్టినవి.

వాస్తవం: అవి చోటు చాలక పుట్టాయి. జనం, విద్యార్థులు పెరిగేకొద్దీ పై అంతస్తుల గదులను దూలాల మీద వీధిలోకి జరిపారు. బరువు ఆగక కింద స్తంభాలు నిలిపారు. 1288 నాటి శాసనంతో వసారా తప్పనిసరైంది. స్థలం ఇంటి యజమానిది, మరమ్మతు బాధ్యతా ఆయనదే, నడిచే హక్కు మాత్రం అందరిదీ. గుర్రం మీద మనిషి పట్టేలా కనీసం ఏడు బొలోన్యా అడుగుల ఎత్తు, అంటే దాదాపు 2.66 మీటర్లు ఉండాలి. 1568లో కర్ర స్తంభాలు తీసి ఇటుకవో రాతివో పెట్టమన్నారు. అయినా స్త్రాదా మజ్జోరెలోని ఇజొలానీ ఇంటికి చెక్క దూలాలు ఇప్పటికీ ఉన్నాయి. ఊరు మొత్తం మీద వసారాల పొడవు కలిపితే 62 కిలోమీటర్లు.

అపోహ: గరిసెండా బురుజును వాలుగానే కట్టారు.

వాస్తవం: కింద నేల కుంగి ఒరిగింది. అందుకే పద్నాలుగో శతాబ్దంలో పైభాగం కూల్చి 48 మీటర్లకు తగ్గించారు. పునాది దగ్గరి సెలెనైట్ జిప్సం రాయి, తేమకు బలహీనపడుతుంది. 2023 అక్టోబరులో చుట్టుపక్కల దారులు మూసేశారు. పక్కనున్న 97 మీటర్ల అసినెల్లీ బురుజు 498 మెట్లు ఎక్కాలనుకుంటే, తెరిచి ఉందో లేదో ముందే కనుక్కుని బయల్దేరండి.