సోషల్ పుస్తకంలో కోతలు: అసలు మలుపు 2012 మే 11

బడి పుస్తకాలు తయారు చేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన కొత్త సాంఘిక శాస్త్ర పుస్తకాల మీద రగడ చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంటోంది. 2025లో వచ్చిన ఎనిమిదో తరగతి పుస్తకంలో బాబర్‌ను వర్ణించిన తీరు ఒక వర్గానికి నచ్చలేదు. జైసల్మేర్‌ను మరాఠా సామ్రాజ్యంలో భాగంగా చూపిన పటం అక్కడి పూర్వ రాజకుటుంబానికి కోపం తెప్పించింది. ఫిర్యాదులు వచ్చాయి, ఆగస్టులో వాటిని పరిశీలించేందుకు నిపుణుల సంఘం వేశారు. ఫిర్యాదు, సంఘం, కోత. ఈ వరస ఇప్పుడు మనకు ఎంత అలవాటైపోయిందంటే, ఇది ఎప్పుడు మొదలైందని అడిగేవారు కూడా లేరు.

జనతా ప్రభుత్వ కాలంలో చరిత్ర పుస్తకాల మీద నడిచిన తగాదా, 2002 నాటి ‘కాషాయీకరణ’ వాదోపవాదాలు పాఠకులకు తెలిసినవే. వాటిని ఇక్కడ తిరగదోడడం లేదు. ప్రభుత్వం మారితే పుస్తకం మారడం పాత సంగతి. ఎవరి మనసు నొచ్చుకున్నా పుస్తకం నుంచి ఒక పేజీ తీసేయవచ్చని, అందుకు అన్ని పార్టీలూ తల ఊపుతాయని తేలిన రోజు మాత్రం ఒకటుంది. అది 2012 మే 11.

ఆ రోజు గొడవంతా పదకొండో తరగతి రాజనీతి శాస్త్ర పుస్తకంలోని పద్దెనిమిదో పేజీ గురించి. రాజ్యాంగం పనితీరు మీద రాసిన ఆ పుస్తకం 2006 నుంచి తరగతి గదుల్లో ఉంది. ఆ పేజీలో కార్టూనిస్టు శంకర్ 1949 ఆగస్టులో గీసిన ఒక కార్టూన్ వేశారు. ఒక నత్త, దాని మీద ‘రాజ్యాంగం’ అన్న మాట. నత్త మీద కూర్చుని కొరడా పట్టుకున్న అంబేడ్కర్. వెనక మరో కొరడా ఎత్తిన నెహ్రూ. చుట్టూ చూస్తున్న జనం. కింద విద్యార్థికి ఒక ప్రశ్న ఉంది. రాజ్యాంగ రచనకు దాదాపు మూడేళ్లు పట్టింది కదా, కార్టూనిస్టు దాని గురించే అంటున్నాడా, రాజ్యాంగ సభకు అంత కాలం ఎందుకు పట్టిందని నీకు అనిపిస్తోంది అని.

తమిళనాడుకు చెందిన విడుదలై చిరుత్తైగళ్ పార్టీ సభ్యుడు తిరుమావళవన్ లోక్‌సభలో ఆ పుస్తకం సంగతి లేవనెత్తారు. రాజ్యసభలో మాయావతి పట్టుబట్టారు. అధికార పక్షం, ప్రతిపక్షం అన్న తేడా లేకుండా సభ్యులు గొంతు కలిపారు. అప్పటి మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ క్షమాపణ చెప్పి, కార్టూన్ తీసేస్తామని, పుస్తకం పంపిణీ ఆపేస్తామని ప్రకటించారు. ఆ పుస్తకాలకు ముఖ్య సలహాదారులైన సుహాస్ పల్షీకర్, యోగేంద్ర యాదవ్ అదే రోజు రాజీనామా చేశారు. మర్నాడు పుణె విశ్వవిద్యాలయంలో పల్షీకర్ గదిలోకి కొందరు చొరబడి కుర్చీలు, బల్లలు విరగ్గొట్టారు. ఆ మర్నాడు, మే 13 ఆదివారం, పార్లమెంటు తన తొలి సమావేశానికి అరవై ఏళ్లు నిండిన సందర్భంగా ప్రత్యేకంగా కొలువుదీరి ప్రజాస్వామ్యాన్ని కొనియాడుకుంది.

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ పుస్తకం ఎవరో ఇద్దరు ప్రొఫెసర్లు ఇంట్లో కూర్చుని రాసి అచ్చుకు పంపినది కాదు. దానికి పాఠ్యపుస్తక కమిటీ ఉంది, దాని పైన సాంఘిక శాస్త్రాల సలహా సంఘం ఉంది, ఆ పైన మృణాల్ మిరి, జి.పి. దేశ్‌పాండే అధ్యక్షులుగా జాతీయ పర్యవేక్షణ సంఘం ఉంది. అన్ని మెట్లూ ఎక్కి వచ్చిన పేజీ అది. అభ్యంతరం వస్తే అదే మెట్ల మీదుగా వెనక్కి పంపి చూడమనవచ్చు. అలా పంపలేదు. సభలో కేకలు వినపడ్డాయి, మంత్రి తీసేస్తామన్నారు. పేజీలో ఏముందో చదివి మాట్లాడినవారు ఎందరో చెప్పడం కష్టం.

చదివి ఉంటే ఒక సంగతి కనిపించేది. ఆ ప్రశ్నకు అసలు జవాబు చెప్పింది అంబేడ్కరే. కార్టూన్ వచ్చిన మూడు నెలలకు, 1949 నవంబరు 25న, రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో ఆయన ఆలస్యమన్న నిందను నేరుగా ఎత్తుకున్నారు. సభ మొదటిసారి కూర్చున్న 1946 డిసెంబరు 9 నుంచి లెక్కగట్టి 2 ఏళ్ల 11 నెలల 17 రోజులని చెప్పారు. అమెరికాకు నాలుగు నెలలే పట్టిందంటారు, కానీ వాళ్లది 7 అధికరణాల రాజ్యాంగం, మనది 395 అని గుర్తు చేశారు. ముసాయిదాకు 7,635 సవరణలు వచ్చాయని, వాటిలో 2,473 సభలో ప్రతిపాదనకు వచ్చాయని అంకెలతో సహా వివరించారు. ముసాయిదా సంఘాన్ని గమ్యం లేక కొట్టుకుపోయే సంఘమని వెక్కిరించిన సభ్యుడు నజీరుద్దీన్ అహ్మద్‌కూ అందులోనే బదులిచ్చారు. నత్త బొమ్మ చూసిన విద్యార్థి ‘ఎందుకు ఆలస్యమైంది’ అని వెతుక్కుంటూ వెళితే చేరేది ఆ ప్రసంగం దగ్గరికే. బొమ్మతోపాటు ఆ దారీ మూసుకుపోయింది.

అభ్యంతరం చెప్పినవారి వాదనలో పస లేదని అనడం లేదు. ఊరి బడిలో కూర్చున్న దళిత విద్యార్థికి ఆ బొమ్మలో మొదట కనిపించేది వ్యంగ్యం కాదు, అంబేడ్కర్ వీపు వెనక ఎత్తి ఉన్న కొరడా. ఆ కొరడా ఎవరి చేతిలో ఉందన్నది వాళ్లకు ఇంట్లో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. బొమ్మను వివరించాల్సిన ఉపాధ్యాయుడే వెకిలిగా నవ్వితే ఏం చేయాలి? పుస్తకాలు రాసే కమిటీల్లో దళితులు ఎందరున్నారు? ఇవి న్యాయమైన ప్రశ్నలు. వీటి మీద చర్చ జరగాల్సింది. కానీ తీసేస్తామన్న ప్రకటన వచ్చాక చర్చకు అవసరమే లేకుండా పోయింది. ఆ ప్రశ్నలూ అక్కడే ఆగిపోయాయి.

ఇంతకీ ఆ పుస్తకాల్లో కార్టూన్లు ఎందుకొచ్చాయి? మా తరం చదివిన పౌరశాస్త్రం గుర్తుంటే అర్థమవుతుంది. రాష్ట్రపతి పదవికి కనీస వయసు 35, రాజ్యసభకు 30, లోక్‌సభకు 25. గవర్నరును నియమించేది ఎవరు? ఖాళీలు పూరించండి, జతపరచండి. గైడులో బిట్లు బట్టీ పడితే పది మార్కులు ఖాయం. మా ఊరి పంచాయతీ ఎందుకు నెలల తరబడి కూర్చోదో, రేషన్ డీలరు మీద ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో అందులో ఉండేది కాదు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఈ పౌరశాస్త్రం పుట్టుకనే ప్రశ్నించింది. భారతీయుల్లో ప్రభుత్వం పట్ల విధేయత సడలుతోందని భయపడిన వలస పాలకులు బడుల్లోకి తెచ్చిన విషయం ఇదని, విధేయత నేర్పడమే దాని పని అని తేల్చింది. అందుకే పేరు తీసేశారు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు సామాజిక, రాజకీయ జీవితం అన్న అర్థమిచ్చే పేరుతో పుస్తకాలు వచ్చాయి. పై తరగతుల రాజనీతి పుస్తకాల్లో ఉన్ని, మున్ని అనే ఇద్దరు బొమ్మ పిల్లలు పేజీ అంచున నిలబడి అడ్డదిడ్డమైన ప్రశ్నలు అడిగేవారు. పాఠం చెప్పినదాన్ని పాఠంలోనే నిలదీసే పిల్లలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ 2012 నుంచి వచ్చిన సాంఘిక శాస్త్ర పుస్తకాలు ఈ గాలిలోనే పుట్టాయి. మధ్యప్రదేశ్‌కు చెందిన ఏకలవ్య సంస్థ అనుభవం వాటి వెనక ఉంది. చరిత్ర, పౌరశాస్త్రం, భూగోళం అని గీతలు గీయకుండా పాఠాలు కూర్చారు. చాలామంది సోషల్ ఉపాధ్యాయులు ‘బిట్లు ఎక్కడ’ అని విసుక్కున్నారు, అది వేరే కథ.

మళ్లీ 2012కు వస్తే, కార్టూన్‌తో ఆగి ఉంటే అదొక్క ఘటనగా మిగిలేది. మే 14న లోక్‌సభలో మాట అంబేడ్కర్‌ను దాటి రాజకీయ నాయకులందరి మీదికి వచ్చింది. నాయకులను ఎగతాళి చేసే కార్టూన్లన్నీ తీసేయాలని సభ్యులు కోరారు, పుస్తకాలన్నీ సమీక్షిస్తామని మంత్రి మాటిచ్చారు. జూన్‌లో హిందీ వ్యతిరేక ఉద్యమం మీద ఆర్.కె. లక్ష్మణ్ వేసిన కార్టూన్‌పై తమిళనాట నిరసన లేచింది. సుఖదేవ్ థోరాట్ అధ్యక్షతన వేసిన సంఘం తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకూ పుస్తకాలు జల్లెడ పట్టి, పలు కార్టూన్లు తొలగించాలని సిఫారసు చేసింది. ఆ సంఘంలో ఎం.ఎస్.ఎస్. పాండియన్ ఒక్కరే అసమ్మతి పత్రం రాశారు. దళిత, ద్రావిడ రాజకీయాలను జీవితాంతం పరిశోధించిన మనిషి ఆయన. ‘మనోభావాలు’ అన్న మాట ఎవరి చేతిలోని కత్తికి పదును పెడుతుందో ఆయనకు తెలియనిది కాదు.

ఆ కత్తి తర్వాత చేతులు మారింది. 2022లో ‘హేతుబద్ధీకరణ’ పేరుతో ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు తగ్గించింది. కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గించాలని, ఒకే అంశం రెండు తరగతుల్లో వస్తోందని, కొన్ని నేటి సందర్భానికి అవసరం లేదని సంస్థ చెప్పింది. పన్నెండో తరగతి చరిత్రలో మొగలుల దర్బారుల అధ్యాయం పోయింది, గుజరాత్ 2002 అల్లర్ల పేజీలు పోయాయి, పదో తరగతిలో ప్రజాస్వామ్యం మీద మూడు అధ్యాయాలు పోయాయి. వీటి గురించి చాలా మంది రాశారు. తెలుగువాళ్లు పెద్దగా పట్టించుకోని కోత ఒకటుంది.

పన్నెండో తరగతి రాజనీతి పుస్తకంలో ప్రజా ఉద్యమాల అధ్యాయం ఉండేది. చిప్కో, దళిత్ పాంథర్స్, నర్మదా బచావో సరసన మన సారా వ్యతిరేక ఉద్యమం. 1992 అక్టోబరు 29న తెలుగు పత్రికలో వచ్చిన వార్త ఆధారంగా ఆ భాగం మొదలయ్యేది. చిత్తూరు జిల్లా కలికిరి మండలం గుండ్లూరు ఆడవాళ్లు ఊళ్లో సారా అమ్మకూడదని తీర్మానించి, సారా తెచ్చే జీపును ఆపేశారు. కాంట్రాక్టరు మనుషులను పంపాడు, ఆడవాళ్లు లొంగలేదు. పోలీసులు వచ్చి వెనుదిరిగారు. వారం తర్వాత గూండాలు వాళ్ల మీద దాడి చేశారు. ఉద్యమం మొదలైన నెల్లూరు జిల్లా దూబగుంట సంగతీ అందులో ఉంది. అక్కడ మూలం అక్షరాస్యత తరగతి. వాచకంలో సీతమ్మ కథ చదువుకున్న ఆడవాళ్లు తమ ఇంటి కష్టాన్ని అందులో చూసుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఒక పాఠం ఊరిని కదిలించగలదని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మనకు లేదు. ఆ అధ్యాయం మొత్తం 2022 కోతలో పోయింది. నాకు తెలిసి అప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల శాసనసభల్లో ఎవరూ గొంతెత్తలేదు. గుండ్లూరు ఆడవాళ్ల మనోభావాలు ఎవరు అడుగుతారు?

పుస్తకం పాలకుల సొత్తన్న ధోరణి రాష్ట్రాల్లోనూ తక్కువేం కాదు. 2024 జూన్‌లో తెలంగాణలో తెలుగు వాచకాల ముందుమాటలో పాత ముఖ్యమంత్రి పేరు అలాగే అచ్చయిందని పంచిన పుస్తకాలు వెనక్కి తెప్పించి, ఆ పేజీ కనబడకుండా అంటించారు. బడి తెరిచిన మొదటి వారం టీచర్లకు జిగురు సీసా పని పడింది.

2023 జూన్‌లో పల్షీకర్, యాదవ్ ఎన్‌సీఈఆర్‌టీకి లేఖ రాశారు. ఇన్ని కోతల తర్వాత ఇవి మేం తయారు చేసిన పుస్తకాలు కావు, ముఖ్య సలహాదారులుగా మా పేర్లు తీసేయండని అడిగారు. కొద్దిరోజులకే ఆ కమిటీల్లో పనిచేసిన మరో ముప్ఫై మూడు మంది విద్యావేత్తలు అదే కోరారు. పుస్తకాల మీద హక్కు సంస్థదేనని, పేర్లు వారి సేవకు గుర్తింపుగా మాత్రమే ఉన్నాయని, తీసే ప్రశ్నే లేదని జవాబు వచ్చింది. 2024లో పన్నెండో తరగతి పుస్తకం మళ్లీ మారింది. బాబ్రీ మసీదు అన్న పేరు పోయి ‘మూడు గుమ్మటాల కట్టడం’ అయింది. ఇద్దరూ మళ్లీ రాశారు.  పద్దెనిమిదో పేజీలోని బొమ్మను ఒక్క పూటలో తీసేయగలిగిన సంస్థకు రెండు పేర్లు తీయడం మాత్రం సాధ్యం కాలేదు.