ఫోన్‌లో పుకారు, గుంపులో గాభరా: కొన్ని అపోహలు, వాస్తవాలు

జాతరల్లోనూ పుష్కర ఘాట్లలోనూ రద్దీని చూసుకునే కంట్రోల్ రూముల్లో నేను కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. ఉత్సవానికి ముందు జరిగే ప్రతి సమావేశంలోనూ ఫోన్లలో పుకారు పుడితే ఏం చేయాలన్న ప్రశ్న వస్తుంది, దానితోపాటే ఈ అపోహలూ వస్తాయి.

అపోహ: ఒక్క మెసేజి వస్తే చాలు, జనం బెదిరి ఒకరినొకరు తొక్కుకుంటారు.

వాస్తవం: ‘తొక్కిసలాట’ అనే మాటే మనల్ని కొంత పక్కదారి పట్టిస్తుంది. ఇలాంటి దుర్ఘటనల్లో ఎక్కువమంది కాళ్ల కింద నలిగి కాదు, నాలుగు వైపుల ఒత్తిడికి ఛాతీ ఆడే చోటు లేక, చాలాసార్లు నిలబడి ఉండగానే ఊపిరాడక చనిపోతారు. చదరపు మీటరుకు ఐదారుగురిని మించి చేరితే ఎవరి అడుగూ వారి చేతిలో ఉండదు. 2013 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని రతన్‌గఢ్ ఆలయం దగ్గర వంతెన కూలుతోందన్న వదంతి పుట్టి వందమందికి పైగా మరణించారు. అదే వదంతి ఖాళీ మైదానంలో పుట్టి ఉంటే నలుగురు పరుగెత్తి ఆగిపోయేవారు. పుకారు జనాన్ని కదిలిస్తుంది, చంపేది మాత్రం ఇరుకు.

అపోహ: ఇలాంటి సందేశాలను నమ్మేవారు అమాయకులు.

వాస్తవం: 2012 ఆగస్టులో బెంగళూరులో జరిగింది చూడండి. రంజాన్ తరువాత ఈశాన్య రాష్ట్రాలవారిపై దాడులు జరుగుతాయంటూ ఎస్సెమ్మెస్‌లు తిరిగాయి, రెండు మూడు రోజుల్లో వేలాదిమంది రైల్వే స్టేషనుకు చేరారు, గువాహటికి ప్రత్యేక రైళ్లు వేయవలసి వచ్చింది. హైదరాబాదు నుంచి కూడా కొందరు వెళ్లిపోయారు. వారిలో చదువుకున్నవారు, ఉద్యోగాలు చేసుకునేవారు ఎందరో ఉన్నారు. అంతకు ముందు నెలలోనే అస్సాంలోని కోక్రాఝార్ ప్రాంతంలో నిజంగానే హింస చెలరేగింది కనుక, ఆ సందేశం అప్పటికే ఉన్న భయం మీద పడింది. పైగా అది వచ్చింది అపరిచితుల నుంచి కాదు, తోటి విద్యార్థుల నుంచి, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల నుంచి. అలాంటప్పుడు నమ్మకపోవడమే వింత.

అపోహ: నెట్‌వర్క్ ఆపేస్తే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: ఆ ఆగస్టులోనే కేంద్ర ప్రభుత్వం రోజుకు ఐదు ఎస్సెమ్మెస్‌లే పంపుకోవచ్చని దేశమంతటా కొన్నాళ్లు పరిమితి విధించింది. రోజుల తరబడి పాకే పుకారుకు అది కొంత పనికివస్తుందేమో గాని, గుంపు మధ్యలో ఫోన్లు మూగబోతే తప్పిపోయిన పిల్లవాడి కోసం తల్లి ప్రవాహానికి ఎదురు నడుస్తుంది, అదే కొత్త ప్రమాదం. సియోల్‌లోని ఇటేవాన్‌లో 2022 అక్టోబరు 29న 159 మంది గుంపు ఒత్తిడికి మరణించడానికి దాదాపు నాలుగు గంటల ముందు, సాయంత్రం 6:34కే, ఒకరు పోలీసులకు ఫోన్ చేసి హెచ్చరించారు. అక్కడ ఫోన్లు చెప్పాయి, వినవలసినవారు వినలేదు.

అయినా రద్దీలో నెట్‌వర్క్ దానంతట అదే కుంటుతుంది. ఒక జాతరలో నా ఫోన్‌లో గంటసేపు గడియారం గుర్తు దగ్గరే ఆగిన వాట్సాప్, చెరువు గట్టు ఎక్కగానే గణగణమంటూ మెసేజిలన్నీ ఒక్కసారి దించింది. వాటిలో ‘పొగ వస్తోంది’ అన్నది ఎప్పుడో ఆరిపోయిన పొయ్యి గురించి. వేళ చూసుకోనివారికి అది ఇప్పటి మాటే.

అపోహ: నిజం చెబితే జనం కంగారుపడతారు, అందుకే మౌనం మేలు.

వాస్తవం: నా అనుభవంలో అన్నిటికన్నా చేటు చేసే నమ్మకం ఇదే. 2018 జనవరి 13న హవాయి రాష్ట్రంలో క్షిపణి దూసుకొస్తోందన్న తప్పుడు అధికారిక హెచ్చరిక ఫోన్లకు ఉదయం 8:07కు వెళ్లింది. అది తప్పని ఫోన్లకు సవరణ చేరడానికి 38 నిమిషాలు పట్టింది. పొరపాటును వెనక్కి తీసుకునే విధానాన్ని ముందుగా సిద్ధం చేసుకోకపోవడం అందుకు ఒక కారణం. అందుకే మా మైకు బల్ల మీద ప్రకటనలు ముందే రాసి పెట్టుకుంటాము. వాటిలో ‘కంగారు పడవద్దు’ అన్న వాక్యం ఉండదు, అది విన్నాకే చాలామందికి కంగారు మొదలవుతుంది. ‘తూర్పు గేటు దగ్గర మంట ఆరిపోయింది, దారి తెరిచే ఉంది, కుడివైపు ఉన్నవారు నెమ్మదిగా పడమటి గేటు వైపు నడవండి’ అని చోటు, స్థితి, చేయవలసిన పని చెబుతాము, రెండు నిమిషాలకొకసారి అదే గొంతుతో.