పప్పు ఉడికినంత మాత్రాన తాగే నీళ్ళు కావు: ఫ్లోరైడ్ ఊళ్ళలో అపోహలు - వాస్తవాలు

ప్రకాశం, నల్గొండ పల్లెల్లో గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలతో కలిసి పనిచేస్తుంటాను. చాలా ఊళ్ళలో ఇదే వరస. ఇంటి కుళాయికి శుద్ధి చేసిన నీళ్ళు వస్తాయి, వాటితో అంట్లు తోముతారు. తాగడానికి మాత్రం బిందె చంకన పెట్టుకుని పాత బోరు దగ్గరికి పోతారు. అడిగితే కుళాయి నీళ్ళు బ్లీచింగ్ వాసనంటారు.

అపోహ: బోరు నీళ్ళు తియ్యగా ఉంటాయి, వాటిలో పప్పు మెత్తగా ఉడుకుతుంది, కాబట్టి అవే మంచివి.

వాస్తవం: పప్పును ఉడకనివ్వనివీ, సబ్బును నురగ రానివ్వనివీ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం. పళ్ళకు గార పట్టించి, ఎముకలను వంచేది ఫ్లోరైడ్. ఫ్లోరైడ్‌కి రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. పైగా మన గ్రానైట్ నేలల్లో కాల్షియం తక్కువగా ఉన్న నీళ్ళలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా కరిగి నిలుస్తుంది. అందుకే పప్పు చక్కగా ఉడికే బోరునే నేను ముందు అనుమానిస్తాను. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా అని మన దేశ ప్రమాణం. అంతకు మించిందో లేదో నాలుక చెప్పలేదు, పరీక్షే చెప్పాలి.

"మా తాతలు ఈ నీళ్ళే తాగలేదా?" అంటారు. తాగారు. నెల్లూరు జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్ అనే ఆ జబ్బు ఉందని 1937లోనే వైద్య పత్రికలో రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోవే.

ఇక కాచి తాగడం. కనిగిరి వైపు ఒక పెద్దమ్మ మనవడి కోసం రోజూ కట్టెల పొయ్యి మీద బోరు నీళ్ళు మరిగించేది. "పిల్లోడి పళ్ళు గార పడతన్నయ్యి నాయనా, అందుకే ఇంకాసేపు ఉంచుతున్నా" అంది. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ ఆవిరైపోదు. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్ళు మూడు లీటర్లు తీసుకుని రెండు లీటర్లయ్యేదాకా మరిగిస్తే, అది లీటరుకు 3 మిల్లీగ్రాములవుతుంది. ఆ మాట ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. అంత ప్రేమతో చేస్తున్న పని. చివరికి, "కాచడం మానొద్దు పెద్దమ్మా, కుళాయి నీళ్ళు కాచి పొయ్యి" అన్నాను.

నా మాట ఆమె నమ్మిందనుకోను. నమ్మించింది ఆ ఊరి ఆడవాళ్ళే. నీటి పరీక్ష కిట్టు మీద శిక్షణ తీసుకున్న పొదుపు సంఘం వాళ్ళు రచ్చబండ దగ్గర అందరి ముందూ బోర్లన్నిటి నీళ్ళూ పరీక్షించారు. మందు చుక్కలు వేస్తే వచ్చే గులాబీ రంగు, ఫ్లోరైడ్ పెరిగే కొద్దీ పసుపులోకి తిరుగుతుంది. ఊరంతా ఎగబడే గుడి దగ్గరి బోరు నీళ్ళు పసుపు రంగుకు తిరిగాయి. చప్పగా ఉంటాయని ఎవరూ ముట్టని చివరి వీధి బోరు మాత్రం గులాబీగానే నిలిచింది. ఒకే ఊళ్ళో రెండు బోర్లకు ఇంత తేడా! ఆ సాయంత్రమే గుడి బోరుకు ఎర్ర రంగు పూసి 'తాగరాదు' అని రాశారు. ఊరు తన కళ్ళతో చూసి, తానే రాసుకున్న మాట అది. పైనుంచి ఎవరో వచ్చి బోర్డు తగిలిస్తే ఎంతమంది ఆగుతారు?

బ్లీచింగ్ వాసన సంగతి చిన్నది. సాయంత్రం పట్టి, పల్చటి గుడ్డ కప్పి ఉంచితే తెల్లారేసరికి చాలావరకు పోతుంది. కుళాయి చివర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలి, దారిలో పైపులోకి చేరే కొద్దిపాటి క్రిములకు అదే అడ్డు. జుట్టు ఊడుతుందని, పిల్లలు పుట్టరని ఫోన్లలో తిప్పేవాళ్ళకు దండం పెడతాను, ఆపండి.

అపోహ: టీడీఎస్ పెన్నులో అంకె తక్కువ వస్తే నీళ్ళు మంచివే.

వాస్తవం: ఆ పెన్ను కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది, అంతే. అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. ఇక గ్లాసులో రెండు కడ్డీలు ముంచి నీళ్ళు గోధుమరంగుకు తిప్పి చూపిస్తారే, అందులో ఎక్కువ భాగం ఆ ఇనుప కడ్డీ కరిగి వచ్చిన తుప్పు. చూసి భయపడి మిషన్లు కొనకండి.

అపోహ: ఫ్లోరోసిస్ వంశంలో వస్తుంది, ఆ ఊరికి పిల్లనివ్వకూడదు.

వాస్తవం: ఇది అంటురోగం కాదు, వంశరోగం కాదు, నీళ్ళతో వచ్చేది. ఈ ఒక్క పుకారు ఎన్ని సంబంధాలు చెడగొట్టిందో. పిల్లల పళ్ళ గార చూసి కుమిలిపోయే తల్లులకు ఒక మాట: ఆ మచ్చ ఉన్నంత మాత్రాన బిడ్డ నడుము వంగిపోతుందని కాదు. నీళ్ళు ఈరోజే మార్చండి, పాలు, ఆకుకూరలు పెట్టండి. వంగిన ఎముకను మళ్ళీ సరిచేసే మందు లేదు కాబట్టే ఈ తొందర.

అపోహ: దాతలు ఆర్వో ప్లాంటు పెట్టించారు, ఇక మన పని అయిపోయింది.

వాస్తవం: ప్లాంటులో నీళ్ళను వడకట్టే పొరను (మెంబ్రేన్) రెండు మూడేళ్ళకు మార్చాలి. క్యాను డబ్బుల్లో కొంత విడిగా బ్యాంకులో వెయ్యని చోట, ఆ రోజు రాగానే తాళం పడుతుంది. జమాఖర్చు పంచాయతీ గోడ మీద రాస్తే, ఐదు రూపాయలివ్వడానికి గొడవపడేవాళ్ళు తగ్గుతారు. ప్లాంటు శుద్ధి చేశాక బయటికి వదిలేసే నీళ్ళలో ఫ్లోరైడ్ ఇంకా చిక్కగా ఉంటుంది. వాటిని పాడుబడ్డ బోరులోకో, ఇంకుడు గుంతలోకో వదలొద్దు.

కిట్టు అనుమానం చెబుతుంది, లెక్క ల్యాబు చెబుతుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు ఏడాదికోసారైనా ప్రతి తాగునీటి బోరు నుంచీ ఒక లీటరు పంపండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. ప్లాస్టిక్ సీసాను అదే నీళ్ళతో రెండుసార్లు కడిగి నింపి, ఏ బోరుదో, ఏ తేదీదో దాని మీద రాయండి.