పడవ చెక్క కింద పంక్తి భోజనం

తడ దగ్గర పులికాట్ ఉప్పునీటి సరస్సు ఒడ్డునుంచి ఒక పాఠకుడు పోయిన నెల నాకు ఒక ఫోటో పంపాడు. "సార్, పాత అల్యూమినియం పడవ ఒకటి కొన్నాను. కాళ్ళ కింద చెక్క కుళ్ళిపోయింటే పీకేసినా. కొత్త ప్లైవుడ్ వేయాల. స్టీలు స్క్రూలు బిగించమంటారా, రివెట్లు కొట్టమంటారా?" అని అడిగాడు.

ఫోటోలో పడవ అడ్డపట్టీలు వరసగా కనబడుతున్నాయి. పాత స్క్రూ దిగిన ప్రతి చోటా తెల్లటి పొడి, విభూతి రాలినట్టు. కొన్ని రంధ్రాలు చిటికెన వేలు పట్టేంత పెద్దవయ్యాయి. పక్కనే డబ్బా మూతలో పీకిన స్టీలు స్క్రూలు పోసి ఉన్నాయి. అవి నిన్న అంగట్లో కొన్నట్టు మెరుస్తున్నాయి.

నన్ను పట్టుకున్నది ఆ మెరుపే. ఒకే తడిలో ఏళ్ళ తరబడి ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న రెండు లోహాల్లో ఒకటి పొడైపోయి, ఇంకొకటి చెక్కుచెదరకుండా ఎలా మిగిలింది? స్క్రూ గట్టిది, రేకు మెత్తది అని సరిపెట్టుకోవడానికి లేదు. రేకు పోవడంలో స్క్రూ చెయ్యి ఉంది.

చెక్క కొలవడం, కోయడం గురించి నేను చెప్పేదేమీ లేదు. పాత చెక్క ముక్కల్ని కొత్త షీటు మీద పరిచి గీత గీసుకుంటే సగం పని అయినట్టే, మిగతాది వడ్రంగి చూసుకుంటాడు. బిగింపు సంగతి మాత్రం వంటింటినుంచి మొదలుపెట్టాలి.

సత్తు గిన్నె అని కొందరూ, సిల్వర్ గిన్నె అని కొందరూ పిలిచేది అల్యూమినియమే. అందులో చింతపండు పులుసు రాత్రంతా ఉంచితే అమ్మ కోప్పడేది. ఆ కోపం వెనక మంచి రసాయనశాస్త్రం ఉంది. గాలి తగిలిన మరుక్షణమే అల్యూమినియం మీద ఆక్సైడు పొర ఏర్పడుతుంది. మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే అందులో రెండు మూడు ముక్కలంత మందం, అంతే. ఆ పొరే దానికి ప్రాణం. పులుపు బాగా ఎక్కువైనా, సున్నంలాంటి క్షారం ఎక్కువైనా అది కరిగిపోతుంది. ఉప్పులోని క్లోరైడు దాన్ని కరిగించకుండానే సూది పొడిచినట్టు చిల్లులు పొడుస్తుంది. చిల్లు పడ్డా గాలి బాగా ఆడితే పొర మళ్ళీ అల్లుకుంటుంది. తడి చెక్కను రేకుకు అదిమి పెడితే అక్కడికి గాలి చేరదు. పైగా చెక్కనుంచి కొంచెం పుల్లటి ఆమ్లం ఊరుతూ ఉంటుంది. అంటే చెక్క కింద అల్యూమినియం బతుకు, పులుసు గిన్నె బతుకే.

ఇందులోకి రెండో లోహం వచ్చిందంటే కథ మారుతుంది. ఇక్కడ నన్ను కాస్త తీరిగ్గా చెప్పనివ్వండి, నాకు చాలా ఇష్టమైన చోటు ఇది.

తిరుమలలో వెంగమాంబ అన్నప్రసాద భవనంలో కూర్చున్నవాళ్ళకు పంక్తి అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. విస్తళ్ళు పరుస్తారు, జనం కూర్చుంటారు, వంటశాలనుంచి అన్నం వస్తుంది. ఇప్పుడు అన్నం మెతుకులు ఎలక్ట్రాన్లు అనుకోండి. వంటశాల అల్యూమినియం. ఎలక్ట్రాన్లను వదులుకునే గుణం దానికి ఎక్కువ, వదులుకున్న కొద్దీ తాను కరిగి నీళ్ళలోకి పోతుంది. తినడానికి వచ్చినవాళ్ళు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ అణువులు. వాళ్ళు కూర్చునే విస్తళ్ళ వరస స్టీలు స్క్రూ ఉపరితలం, లేదా రాగి, లేదా ఇత్తడి. వంటశాలకూ పంక్తికీ మధ్య నడవ, లోహం లోహాన్ని తాకిన చోటు. ఉప్పునీరు లేకపోతే ఈ విందు లేదు. మెతుకులు నడవలో వెళ్ళినట్టే, విద్యుదావేశాల లెక్క సరిపెట్టడానికి అయాన్లు నీళ్ళలోంచి ప్రయాణించాలి. నడవ మూసినా, నీటి దారి మూసినా పొయ్యి ఆరిపోతుంది.

తోపు ఎంత? సముద్రపు నీటిలో అల్యూమినియానికీ స్టెయిన్‌లెస్ స్టీలుకూ మధ్య తేడా సుమారు 0.7 వోల్టు. టార్చి బ్యాటరీలో దాదాపు సగం.

అసలు కిటుకు విస్తళ్ళ సంఖ్యలో ఉంది. మామూలుగా వంటశాలకు వండే ఓపిక ఎంతైనా ఉంటుంది. ఎంత వండాలో తేల్చేది ఎంతమంది కూర్చున్నారన్నది. నిలకడగా ఉన్న ఉప్పునీటిలో ఒక చదరపు సెంటీమీటరు రాగి మీదికి చేరే ఆక్సిజన్ కొన్ని పదుల మైక్రో ఆంపియర్ల కరెంటుకు మించి తినలేదు. కాబట్టి పంక్తి పొడుగు రెట్టింపైతే వంట రెట్టింపు. ఆ భారాన్ని ఎంత పెద్ద వంటశాల పంచుకుంటుందన్నది రెండో ప్రశ్న. వెయ్యి విస్తళ్ళకు ఒకే పొయ్యి ఉంటే ఆ పొయ్యి రాత్రికి రాత్రే కూలిపోతుంది. వెయ్యి పొయ్యిలకు ఒకే విస్తరి ఉంటే ఏ పొయ్యికీ అలసట తెలియదు. పెద్ద రాగిరేకుకు కొట్టిన చిన్న అల్యూమినియం రివెట్టు మొదటి రకం, పెద్ద అల్యూమినియం రేకులో చిన్న స్టీలు స్క్రూ రెండో రకం. లోహాల జంట ఒక్కటే అయినా వైశాల్యాలు తారుమారైతే ఒకచోట నెలల్లో చేటు, ఇంకోచోట ఏళ్ళపాటు క్షేమం.

దీన్నిబట్టి రంగు వేయడం గురించి ఒక తిరకాసు నియమం వస్తుంది. తినిపోతున్నది అల్యూమినియం కదా అని దానికి మాత్రమే రంగు వేసి, స్టీలును వదిలేస్తే మేలు చేయబోయి కీడు చేసినట్టే. రంగులో ఎక్కడో గోరు గీత పడుతుంది. అప్పుడు పంక్తి మొత్తం అలాగే ఉంటుంది, పొయ్యిలన్నీ మూతబడి ఆ గీత ఒక్కటే మిగులుతుంది. ముందు పూత వేయాల్సింది విస్తళ్ళకు, అంటే స్క్రూ తలకు.

చదువరులు ఇక్కడ నన్ను నిలదీయాలి. పెద్ద రేకు, చిన్న స్క్రూ క్షేమమని చెప్పి, ఫోటోలో రంధ్రాలు వేలంత ఎందుకయ్యాయి? పడవ అడుగు నీటిలో మునిగి ఉన్నప్పుడు ఆ లెక్క సరిపోతుంది, ఎందుకంటే అయాన్లు ఎంత దూరమైనా ఈదగలవు. చెక్క కింద ఉన్నది చెమ్మ, కాగితమంత పలచటి నీటి పొర. అంత సన్నటి దారిలో నిరోధం దూరంతోపాటు పెరుగుతుంది. కాబట్టి స్క్రూకు కొద్ది మిల్లీమీటర్ల లోపల ఉన్న పొయ్యిలే పనిచేస్తాయి, మిగతా రేకంతా ఉండీ లేనట్టే. విశాలమైన వంటశాలలో ఒక్క మూలే వండిపెడుతుంది. ఆ మూలే రంధ్రం అంచు. ఫోటోలోని ఆ తెల్లటి పొడి, అంటే అల్యూమినియం హైడ్రాక్సైడు, తాను పుట్టిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అది ఉబ్బి చెక్కను పైకి తోస్తుంది, సందు పెరుగుతుంది, మరింత నీరు చేరుతుంది.

ఇదే పడవ తిరుపతి పక్కన కల్యాణి డ్యాములో ఉండి ఉంటే ఇంత త్వరగా పాడయ్యేది కాదు. సముద్రపు నీటికి మంచినీటికంటే దాదాపు వంద రెట్లు విద్యుత్ వాహకత్వం. పులికాట్‌లో కాళంగి, అరణి నదుల నీరు చేరే వానాకాలం చివర ఉప్పు తగ్గుతుంది, ఎండాకాలంలో పెరుగుతుంది. అక్కడి పడవకు వేసవి అంటే పెళ్ళిళ్ళ సీజను.

పదో తరగతిలో లోహాల చర్యాశీలత శ్రేణిని పాటలా బట్టీ పట్టిస్తారు. పిల్లవాడు వరసంతా తప్పు లేకుండా చెబుతాడు, ఇంట్లో గిన్నెకు చిల్లు ఎందుకు పడిందో చెప్పలేడు. నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది. ఖర్చులేని ప్రయోగం ఒకటుంది. అద్దుడు కాగితాన్ని ఉప్పు, పసుపు కలిపిన నీళ్ళలో తడపండి. దాని మీద అల్యూమినియం పట్టీ, రాగి తీగ పక్కపక్కనే, ఒక కొస తగిలేట్టు పెట్టి, ఆరకుండా తడి చేస్తూ ఉండండి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుందని పిల్లలకు తెలుసు. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లు తిన్న చోట క్షారం పుడుతుంది కాబట్టి ఎరుపు రాగి పక్కన వస్తుంది. తినేది ఇక్కడ, కరిగేది అక్కడ అని కంటికి కనబడుతుంది.

ఈ విందును మనిషి మొదట గుర్తించింది కూడా పడవ కిందే. 1761లో బ్రిటిష్ నౌకాదళం 'అలారం' అనే ఓడ అడుగుకు, పురుగు తొలవకుండా, రాగి రేకులు తొడిగించింది. వెస్ట్ ఇండీస్ వెళ్ళి వచ్చాక 1763లో విప్పి చూస్తే రేకులు భేషుగ్గా ఉన్నాయి, వాటిని తాకుతున్న ఇనప మేకులు, బోల్టులు తినిపోయాయి. కొన్ని మేకులు మాత్రం బాగున్నాయి. రేకులు చుట్టి తెచ్చిన మట్టిరంగు కాగితం వాటికీ రాగికీ మధ్య పొరపాటున ఉండిపోయింది. ఎలక్ట్రాన్ అన్న మాట పుట్టడానికి నూరేళ్ళకు పైగా ముందు, ఒక కాగితం నడవకు తలుపేసింది.

తడ మిత్రుడికి నేను రాసిన జవాబు నిండా ఉన్నది ఆ కాగితమే.

ముందు చెక్క సంగతి. మన దేశంలో మెరైన్ ప్లై అంటే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్నది. 72 గంటలు నీళ్ళలో ఉడకబెట్టినా పొరలు విడిపోకూడదు. జిగురు విషయంలో అంతకంటే మేలైనది కావాలని అడగక్కర్లేదు. అయితే పురుగు, బూజు పట్టకుండా దానికి రాగి లవణాలు కలిసిన మందు పట్టించే పద్ధతి ఉంది. చెక్క పడవకు అది వరం. అల్యూమినియం పడవలో ఆ మందు చెమ్మలోకి ఊరిందా, మైలుతుత్తం నీళ్ళలో ఇనప మేకు ముంచితే ఎర్రటి పూత పట్టినట్టే, అల్యూమినియం మీద రాగి రేణువులు కూర్చుంటాయి. ఒక్కో రేణువూ ఒక్కో విస్తరి. బయట స్క్రూ అక్కర్లేకుండా రేకు మీదే పంక్తి పరిచినట్టు. అందుకే కొనేముందు ఏ మందు పట్టించారో అడగమన్నాను. రాగి ఉన్నదే దొరికితే రెండు పక్కలా, నాలుగు అంచులా ఎపాక్సీ, అంటే రాయిలా గట్టిపడే జిగురు, మూడు పూతలు వేసి, చెక్కకూ పట్టీకీ మధ్య రబ్బరు పట్టీ పరవమన్నాను. అంచులు ముఖ్యం, ప్లైవుడ్ నీళ్ళు తాగేది అక్కడినుంచే.

బిగింపుకు నా ఓటు అల్యూమినియం రివెట్లకే. ఒకే లోహమైతే పంక్తి ఉండదు. కానీ అంగట్లో దొరికే మామూలు పాప్ రివెట్ల ఒళ్ళు అల్యూమినియమైనా, నడుమ పుల్ల ఇనుముదై ఉంటుంది. లాగి తుంచాక దాని గుండు లోపలే మిగిలి తుప్పు పడుతుంది. పుల్ల కూడా అల్యూమినియందే అయి, అడుగు మూసి ఉన్న రకం, తల వెడల్పుగా ఉన్నది తీసుకోవాలి. రంధ్రాన్ని ముందు పెద్దగా తొలిచి, ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక దాని నడుమ మళ్ళీ అసలు కొలతకు తొలవాలి. అప్పుడు రివెట్టు చెక్కను తాకనే తాకదు, నీటికి దారి దొరకదు. రంధ్రం రివెట్టు కంటే పిసరంత వదులుగా ఉండాలి. నాలుగు మీటర్ల అల్యూమినియం 40 డిగ్రీల వేడికి సుమారు 3.7 మిల్లీమీటర్లు సాగుతుంది, ప్లైవుడ్ అందులో మూడో వంతు కూడా సాగదు. బిగదీసి కొడితే ఎండకు రివెట్లు ఒక్కొక్కటే తెగుతాయి.

చెక్కను అప్పుడప్పుడూ విప్పాల్సిన చోట స్టీలు స్క్రూలు తప్పవు. అక్కడ తల కింద నైలాన్ వాషరు, మర మీద సీలెంటు, అంటే 'అలారం' కాగితానికి ఈనాటి రూపం. ఇత్తడి స్క్రూలు మాత్రం వద్దు. చెక్క పడవలకు రాగి మేకులు కొట్టి అలవాటైన ఆచారి ఇత్తడే మంచిదంటాడు, అతని అనుభవం అతని పడవలకు నిజం. అల్యూమినియానికి బదులు తానే కరిగిపోయే జింకు దిమ్మను పడవ బయట తగిలించుకుంటే సరిపోదా అని కూడా తడ మిత్రుడు అడిగాడు. ఆ జింకు తాను మునిగిన నీటినే కాపాడుతుంది. చెక్క కింది చెమ్మ వేరే నీరు, అక్కడి దాకా దాని ధర్మం చేరదు. అక్కడ కావాల్సింది నీరు నిలవకుండా ఒక తూము, వాడిన రోజు సాయంత్రం మంచినీళ్ళతో కడగడం.

జవాబు అందాక అతను ఇంకో మాట రాశాడు. పడవ మొదటిసారి నీళ్ళలోకి దించేటప్పుడు పూజ చేసి, అడుగున రాగి నాణెం వేసి, ముందు భాగంలో రాగి యంత్రం రేకు కొట్టడం వాళ్ళ ఇంట్లో ఆనవాయితీ.

ఆలోచించి రాశాను. రాగి దీర్ఘాయుష్షు గలది. తిరుమల సంకీర్తన భాండాగారంలో కీర్తనలు చెక్కిన రాగిరేకులు శతాబ్దాలు నిలిచాయి. అయితే తడిలో దాని ఆయుష్షుకు పక్కనున్న అల్యూమినియం ధర చెల్లిస్తుంది. అయిదు సెంటీమీటర్ల చదరపు రేకు ఉప్పునీటిలో సుమారు ఒక మిల్లీ ఆంపియరు తినగలదు. ఒక మిల్లీ ఆంపియరు ఏడాదిపాటు పారితే దాదాపు 3 గ్రాముల అల్యూమినియం పోతుంది. 1.6 మిల్లీమీటర్ల రేకులో అది పది రూపాయల నాణెం కంటే పెద్ద చిల్లు. అడుగున వేసిన రాగి నాణెం నీళ్ళలో పడి ఉండి, తన కిందే చిల్లు తొలుస్తుంది. రాగి కడియం ఒంట్లో కరెంటు లాగేస్తుందనే నమ్మకంలో నాకు పస కనబడదు, రాగి పక్కనున్న పడవ మాత్రం నిజంగానే కరెంటు ఇస్తుంది.

పూజ మానమని నేను చెప్పలేదు. నాణేన్ని మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టమన్నాను. యంత్రం రేకును మేకుతో కొట్టకుండా, నైలాన్ దారంతో జెండా కర్రకు, నీటి తుంపర అల్యూమినియం మీదికి కారని ఎత్తులో కట్టమన్నాను. "వాళ్ళ అవ్వ, 'కర్రకు కడితే ఇంకా పైన ఉంటాడు సామి' అనింది సార్" అని మొన్న ఆ పడవ పని చూస్తున్న మెకానిక్ కుర్రాడు అతని ఫోను నుంచి చెప్పాడు. రివెట్లు చెన్నైనుంచి రావాలట, ఎపాక్సీ రెండో పూత ఆరుతోంది.