కొండ వెనక పడిన ఉల్క: అపోహలు – వాస్తవాలు

ఆకాశంలో ఏదైనా వెలుగు కనిపించిన మర్నాడు వాట్సాప్‌లో పుట్టే కథలన్నిటిలోకీ జనానికి ఎక్కువ నష్టం చేస్తున్నది ఒకటుంది: ‘ఉల్క మన యారాడ కొండ వెనకే పడింది.’ విశాఖ బీచ్ రోడ్డులో టెలిస్కోపు పెట్టినప్పుడల్లా ఈ మాట వింటూనే ఉన్నాను.

ఉల్క సుమారు 100 కి.మీ. ఎత్తున వెలగడం మొదలుపెట్టి, చాలావరకు 80 కి.మీ. దగ్గర ఆరిపోతుంది. ఆర్కే బీచ్‌లో నిలబడ్డవారికి అది కొండ అంచుకు కాస్త పైన, క్షితిజం నుంచి 10 డిగ్రీల ఎత్తున మాయమైతే, అప్పటికి అది దాదాపు 400 కి.మీ. అవతల, అంటే విజయవాడ దాటినంత దూరంలో ఉన్నట్టు. చీకట్లో పోల్చుకోవడానికి పక్కన మరో వస్తువు లేనప్పుడు కంటికి దూరం అందదు. ఎంత ప్రకాశంగా ఉంటే అంత దగ్గరనుకుంటుంది. నేలకు చేరగల పెద్ద రాయి సైతం సాధారణంగా 20 కి.మీ. ఎత్తులోనో అంతకు పైనో వెలగడం మానేసి, మిగతా దారి చీకట్లోనే రాలుతుంది.

గాజువాక నుంచి వచ్చిన ఒక యువకుడు పసుపు రాసి ఎర్రగుడ్డలో చుట్టిన నల్లరాయిని నా ముందు పెట్టి, “మాస్టారూ, వెలుగు పడ్డ చోటే దొరికిందండి, బియ్యం లాగుతుందంటున్నారు, పరీక్షకి ముందుగా యాభై వేలు కట్టమన్నారు” అన్నాడు. రాయి బరువుగా ఉంది, అయస్కాంతమూ అంటుకుంది; కాని విరిగిన మూల నిండా బుడగల గుంటలే. ఉల్కాశిలల్లో, అంటే నేలకు చేరిన ఉల్కల రాళ్లలో, అటువంటి బుడగలు చాలా అరుదు. ఉక్కు తయారీలో మిగిలే స్లాగులో అవి మామూలే, అందులో చిక్కుకున్న ఇనుప కణాలను అయస్కాంతం పట్టుకుంటుంది. స్టీల్‌ప్లాంటు ఉన్న ఊళ్లో అలాంటి ముక్క దొరకడం వింతేమీ కాదు. ఈ ‘రైస్ పుల్లింగ్’ అనేది, బియ్యాన్ని లాగే వస్తువుకు కోట్లు వస్తాయని నమ్మించి పరీక్ష పేరుతో ముందే డబ్బు గుంజడానికి, శాస్త్రవేత్తల వేషం కట్టినవారు ఆడే మోసం. ఏ రాయీ బియ్యాన్ని లాగదు. అప్పుల్లో ఉండి ఆశపడిన మనిషిని చూసి నవ్వలేను, ఆ ఆశతో వ్యాపారం చేసేవారిని మాత్రం క్షమించలేను. నిజమైన ఉల్కాశిల అనిపిస్తే చూపించవలసింది భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు (జీఎస్‌ఐ); మన దేశంలో ఉల్కాశిలల సంరక్షణ ఆ సంస్థదే.

ఆకాశం నుంచి అసలేమీ పడదని కాదు. 2022 ఏప్రిల్ 2న మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలో కనిపించిన వెలుగుల వరుస చైనా రాకెట్ శకలాలదని నిపుణులు తేల్చారు. చంద్రపూర్ జిల్లాలో పెద్ద లోహపు రింగు దొరికింది. అలాంటిది కనిపిస్తే ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి.

మిగతా వెలుగులను గుర్తుపట్టడం తేలికే. రైలుపెట్టెల్లా వరుసగా సాగేవి ఇంటర్నెట్ కోసం పంపిన స్టార్‌లింక్ ఉపగ్రహాలు, 2019 మే నుంచి చూస్తున్నవే. సాయంత్రం సింహాచలం కొండలవైపు కదలక మెరిసేది తరచుగా శుక్రుడే. సముద్రంపై నిమిషాల తరబడి నిలిచి, చివరికి రెండు దీపాలుగా విడిపోయేది మనవైపే దిగుతున్న విమానం. మల్కాపురం వైపు మబ్బుల అడుగున కనిపించే నారింజ కాంతి రిఫైనరీ మంటది. 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన విషవాయువును చవిచూసిన ఊరు కనుక, దాన్ని చూసి ఉలిక్కిపడేవారిని తప్పుపట్టలేను, అయితే ఆ మంట అదనపు వాయువును కాల్చివేసే భద్రతా ఏర్పాటు.

ఈసారి ఏదైనా కనిపిస్తే సమయం, దిక్కు, ఎన్ని సెకన్లు ఉన్నదీ రాసుకుని రండి. ఉల్క అయితే సాధారణంగా ఒకటి రెండు సెకన్లు, రాకెట్ శకలమైతే చాలాసేపు, ఒక్కోసారి నిమిషానికి పైగా కూడా కనిపిస్తుంది.